టీచరమ్మ చెప్పిన రష్యా కథ

మా హిందీ టీచరమ్మ ఇక లేరన్న కబురు నాకు విజయనగరం కూరల మార్కెట్లో తెలిసింది. నాతో చదువుకుని ఇప్పుడు టెక్కలిలో బట్టల కొట్టు నడుపుతున్న స్నేహితురాలు ఫోను చేసింది. "టీచరమ్మ ఎల్లిపోనారే. పొద్దున్న కాఫీ తాగి కుర్సీలో కూకున్నారట. మరి లెగనేదు" అని ఆగిపోయింది. కూరలమ్మి వంకాయలు తూచి పట్టుకుని, నేను సంచీ తెరుస్తానని చూస్తోంది. నేను కదలకపోయేసరికి "ఏటైనాదమ్మా?" అంది. "మా టీచరమ్మ పోయారు" అన్నాను. ఆవిడ వంకాయలు మళ్లీ తట్టలో పోసేసి, "ఎల్లిరా తల్లీ. కూరలదేటుంది" అంది.

అరగంటలో శ్రీకాకుళం బస్సెక్కాను. టెక్కలి చేరేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను గాని ఏమీ చూడలేదు. నా చెవిలో ఆవిడ గొంతే వినిపిస్తోంది.

మాది నౌపడ. నాన్న ఉప్పు మడుల్లో పని చేసేవాడు. నేను టెక్కలిలో మిషన్ వాళ్ల బడికి వెళ్లి చదువుకున్నాను. ఆ బడిలో హిందీ అంటే మాకు భయం. తలుపు ఆడదా మగాడా, బల్ల ఆడదా మగాడా అని అడిగే భాషని ఎవరు మాత్రం నమ్ముతారు? టీచరమ్మ ఆ భయాన్ని ఎప్పుడూ వెక్కిరించలేదు. "తప్పయితే అయింది, గట్టిగా చెప్పండి. మెల్లగా చెప్పిన తప్పుని నేను దిద్దలేను" అనేవారు. క్లాసులో పుస్తకం భాష మాట్లాడేవారు. గంట కొట్టి గుమ్మం దాటగానే మా నౌపడ మాట వచ్చేసేది. ఆవిడదీ మా ఊరే మరి.

ఇస్త్రీ చెయ్యని నూలు చీర, చేతికి ఒకే ఒక్క గాజు. ఆదివారం చర్చిలో ఎవరైనా వాక్యం చదువుతూ ఒత్తులు మింగేస్తే ముందు వరసలోంచి చిన్న దగ్గు వినపడేది. చదివే మనిషి వెనక్కి వెళ్లి మళ్లీ చదివేవాడు. మా పాస్టరు గారికి కూడా ఆ దగ్గు తెలుసు.

ఎవరైనా హోంవర్కు రేపు తెస్తామంటే ఆవిడ ఒకటే మాట అనేవారు. "హిందీలో నిన్నకీ రేపుకీ ఒకటే మాట, కల్. రెంటికీ కలిపి ఒక్కటిచ్చి సరిపెట్టారు. ఇవాళకి మాత్రం సొంతంగా ఒక మాట ఉంది. కాబట్టి ఇవాళ తే." బ్యాంకులో నా సీటు ముందుకొచ్చి రేపొస్తామనే వాళ్లని చూస్తే నాకిప్పటికీ ఆ మాట నోటిదాకా వస్తుంది.

శుక్రవారం ఆఖరి పీరియడు పాఠం ఉండేది కాదు. కథ ఉండేది. ఎప్పుడో మా ఊరికి పుస్తకాల వ్యాను వచ్చినప్పుడు ఆవిడ రష్యా కథల తెలుగు పుస్తకాలు కొనుక్కున్నారట. అందులో ఒక కథ మేము మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాం. ఒక పెద్ద ఊరు, నది, వంతెన. అక్కడ ఎండాకాలంలో రాత్రిళ్లు కూడా వెలుతురుగానే ఉంటుంది. "మరెప్పుడు తొంగుంటారు టీచర్?" అని వెనక బెంచీ వాళ్లు అడిగితే, "అదే కదా, ఆ కుర్రాడికి నిద్ర పట్టదు. అందుకే వీధుల్లో తిరుగుతుంటాడు" అనేవారు.

ఆ కుర్రాడికి నా అన్నవాళ్లు లేరు. వంతెన దగ్గర ఒక పిల్ల ఏడుస్తూ కనపడుతుంది. వాళ్లింట్లో అద్దెకున్నతను ఏడాదిలో వస్తానని మాటిచ్చి వెళ్లాడు. ఏడాది అయింది, రాలేదు. కుర్రాడు రోజూ వచ్చి ఆ పిల్లతో బెంచీ మీద కూర్చుంటాడు. ఆ పిల్ల మనసంతా రావలసిన మనిషి మీద, ఇతని మనసంతా ఆ పిల్ల మీద. ఆఖరికి ఒకరోజు ఆ వెళ్లినతను వస్తాడు. అక్కడికి వచ్చేసరికి మేమంతా ఊపిరి బిగబట్టేవాళ్లం. "ఆ పిల్ల వచ్చిన మనిషిని చూసింది. పక్కన కూర్చున్న మనిషిని చూసింది. పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుంది" అని టీచరమ్మ చాక్‌పీసు బల్ల మీద పెట్టేవారు. గంట కొట్టేవాళ్లు. మేము హాయిగా ఇళ్లకు పోయేవాళ్లం.

ఆ కథ నాతో చాలా దూరం వచ్చింది. నా పెళ్లిచూపుల్లో అబ్బాయి "మీకేం ఇష్టం?" అని అడిగితే ఏం చెప్పాలో తోచక ఆ కథే చెప్పాను. ఆయన ఆఖరిదాకా విన్నాడు. అందుకే ఒప్పుకున్నాను.

తర్వాత కొన్నేళ్లకి ఆ కథనే హిందీలో సినిమాగా తీశారని పేపర్లో చదివాను. విజయనగరంలో ఆడుతోంది. అప్పటికి టీచరమ్మ రిటైరయ్యారు. ఫోను చేసి రమ్మన్నాను. "హిందీ సినిమాకా? ఎవరికర్థమౌతాదే, నీకా నాకా?" అని నవ్వి, బస్సెక్కి వచ్చేశారు. నేను ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్లి ఆటోలో తీసుకొచ్చాను.

మాట్నీకి హాల్లో పట్టుమని పదిమంది కూడా లేరు. తెర మీద ఊరంతా నీలం రంగు. వీధులు, పడవలు, వంతెన అన్నీ ఏదో కలలో ముంచి తీసినట్టున్నాయి. టీచరమ్మ ముందుకు వంగి, ముందు సీటు మీద చేతులు పెట్టి చూశారు. మాటలు పలుకుతున్న నటుల పెదాలతో పాటు ఆవిడ పెదాలూ కదిలాయి. నేను మాత్రం ఆఖర్న వచ్చే ఆ బెంచీ సీను కోసమే కాచుకున్నాను.

ఆఖరికి వెళ్లినతను వచ్చాడు. ఆ పిల్ల పరుగెత్తి అతని దగ్గరికే వెళ్లిపోయింది. పాపం కుర్రాడు ఒక్కడూ మిగిలాడు. దీపాలు వెలిగాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చి టీ బండి దగ్గర నిలబడగానే "కథంతా పాడు చేసీసినారు టీచర్" అన్నాను.

ఆవిడ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటున్నారు. "ఆళ్లు పాడుసెయ్యనేదే" అన్నారు. "కథలో ఉన్నది అదే. ఆ పిల్ల ఎల్లిపోతాది. మార్సినది నేనే."

అన్నేళ్లు, అన్ని బ్యాచీల పిల్లలు. మేమంతా వేరే కథ మోసుకుంటూ తిరిగామన్నమాట.

"ఎందుకలగ సేసినారు?" అన్నాను.

అప్పుడు చెప్పారు. అక్కడే, టీ బండి పక్కన బల్ల మీద కూర్చుని.

ఆవిడ టీచరు ట్రైనింగు అయి ఖాళీగా ఉన్న రోజులు. వాళ్లింట్లో పక్క గదిలో అద్దెకున్న అబ్బాయికి ఖరగ్‌పూర్ రైల్వే వర్కుషాపులో ఉద్యోగం వచ్చింది. ఏడాదిలో వచ్చి మీ నాన్నగారితో మాట్లాడతానని చెప్పి వెళ్లాడు. ఏడాది నిండిన దగ్గర్నుంచి ఆవిడ శనివారం శనివారం నౌపడ స్టేషనుకి వెళ్లి, అటునుంచి వచ్చే బండి చూసి వచ్చేవారు. ఆ స్టేషనులో టికెట్లిచ్చే గుమస్తా కొత్తగా వచ్చిన మనిషి. కళింగపట్నంలో చేపల వేట చేసుకునే ఇంట్లో పుట్టి, చదువుకుని ఉద్యోగంలో చేరినవాడు. మొదట బండి ఆలస్యమని చెప్పడానికి వచ్చాడు. తర్వాత వేరుశనక్కాయల పొట్లం తెచ్చాడు. తర్వాత ఆ బెంచీ చివర కూర్చున్నాడు. ఆవిడ తన సంగతంతా ఆయనకే చెప్పుకున్నారు.

"నా మాటలిని ఆయనేటి సేసినారో తెలుసా?" అన్నారు టీచరమ్మ. "ఎరికున్న గార్డు ఒకాయనికి సెప్పి, ఖరగ్‌పూర్లో ఆ అబ్బాయి కులాసాగా ఉన్నాడో నేదో కనుక్కుని రమ్మన్నారు. కులాసాగానే ఉన్నాడని కబురు తెచ్చి నాకు సెప్పినారు. ఆ మాట సెప్తన్నప్పుడు ఆయన మొకం నాను సూసినాను."

ఆ తర్వాత ఒక శనివారం ఖరగ్‌పూర్ మనిషి నిజంగానే దిగాడు. చేతికి వాచీ, కొత్త సూట్‌కేసు. బెంచీ మీద ఇద్దరూ ఉన్నారు. గుమస్తా గారు అతన్ని చూడగానే లేచి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు.

"వచ్చినోడు మంచోడేనే. ఆలస్యమైనా మాట నిలబెట్టుకున్నాడు. ఏదో సెప్తన్నాడు. లోపలేమో టికెట్టు మీద తారీకు కొట్టే మిషను టక్కు టక్కుమని మోగుతున్నాది. కౌంటరు కాడ ఒక్క మనిషి నేడు. ఎవులూ అడగని టికెట్లకి తారీకు కొట్టుకుంటన్నారు ఆయన." టీచరమ్మ నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు. "అప్పుడు నన్ను నేనే అడిగినాను. ఇన్నాళ్లూ శనివారం ఇంట్లోంచి బయల్దేరింది బండి కోసమా, బెంచీ కోసమా అని."

వచ్చినతనికి ఉన్నమాట చెప్పేశారు. "నీకోసం కూకున్నాను. కూకుని కూకుని, నాకే తెలీకుండా నీకోసం కూకోడం మానీసినాను. నిన్ను తప్పుపట్టను, నువ్వూ నన్ను తప్పుపట్టకు" అన్నారట. అతను తర్వాత వచ్చిన బండికే వెళ్లిపోయాడు. తరువాతిది తేలికేం కాదు. ఆవిడ తండ్రి బాప్టిస్టు సంఘంలో పెద్ద మనిషి. కూతురు గుమస్తా గారిని చేసుకుని హిందువుల ఇంటికి వెళ్తానంటే చాన్నాళ్లు మాట్లాడలేదు. మొదటి మనవరాలు పుట్టాకే ఆ గుమ్మంలోకి వచ్చాడు. వాళ్లిద్దరిలో ఎవరూ మతం మారలేదు. ఆదివారం ఆయన సైకిలు మీద ఆవిడను చర్చి దగ్గర దింపి, బయట పేపరు చదువుకుంటూ ఉండేవారు. గంగమ్మ పండక్కి ఆవిడ కళింగపట్నం వెళ్లి తోడికోడళ్లతో కూర్చునేవారు.

"ఆ రష్యా ఆయనకి అలగ జరిగుంటాది, అలగ రాసుకున్నాడు. నాకిలగ జరిగినాది, ఇలగ సెప్పినాను. మీకు అబద్ధం సెప్పినట్టా?" అన్నారు.

"కాదు టీచర్" అన్నాను. ఆ మాట అప్పుడు గౌరవం కొద్దీ అన్నాను. బస్సెక్కించి ఇంటికొచ్చాక గాని నాకు నమ్మకం కుదరలేదు.

టీచరమ్మని టెక్కలిలో చర్చి వెనక సమాధుల తోటలో పెట్టారు. పాటలు పాడారు. నుదుట బొట్టుతో ఆవిడ భర్త పాస్టరు గారి పక్కనే నిలబడి పిడికెడు మట్టి వేశారు. ఒక ముసలి సంఘపెద్ద ఆయన మోచెయ్యి పట్టుకుని గట్టు దాటించాడు. వచ్చిన పాత విద్యార్థుల్లో కొందరికి మనవలు కూడా ఉన్నారు. ఇంటికొచ్చి కూర్చున్నాక ఎవరో ఆ రష్యా కథ ఎత్తారు. అందరూ ఆవిడ చెప్పిన ముగింపే చెప్పుకున్నారు. నేను దిద్దలేదు.

పోయిన ఆదివారం ఆయన్ని చూడటానికి కళింగపట్నం వెళ్లాను. తమ్ముడి ఇంట్లో ఉంటున్నారు. ఒడ్డున ఇసకలో వలలు పరిచి చేపలు ఎండబెట్టారు. ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నారు. మరదలు వంగి చేపలు తిరగేస్తోంది.

"ఆవిడ మీకు బళ్లో ఏదో రష్యా కథ సెప్పీవోరట గదమ్మా. మొన్న అందరూ అనుకుంటుంటే ఇన్నాను. నాకెప్పుడూ సెప్పనేదు" అన్నారు.

నేను చెప్పాను. నది, వంతెన, ఏడుస్తున్న పిల్ల, పక్కన కూర్చున్న కుర్రాడు. ఆయన కర్రతో ఇసకలో గీతలు గీస్తూ విన్నారు. వెళ్లినతను తిరిగొచ్చాడన్న దగ్గర ఆగాను. పుస్తకంలో ఉన్నది చెప్పనా, టీచరమ్మ చెప్పింది చెప్పనా?

మరదలు చేతిలో చేపలతో అలాగే నిలబడిపోయింది. "మరి ఆ పిల్ల అతనితో ఎల్లిపోనాదా?" అంది.

నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నారు. "నేదు. ఎక్కడికీ ఎల్లనేదు. ఉండిపోనాది."

మరదలు తలూపి మళ్లీ పనిలో పడింది. కాకులు వలల మీదికి దిగుతుంటే ఆయన స్టూలు మీంచి లేచారు. భుజాన ఉన్న తువ్వాలు తీసి, ఆ చివర నుంచి ఈ చివరిదాకా మెల్లగా నడుస్తూ గాలిలో విసరసాగారు. అటు కాకులు లేస్తున్నాయి, ఇటు దిగుతున్నాయి. ఎండలో ఒక వైపు ఆరిన చేపలు తిరగబడి రెండో వైపు మెరుస్తున్నాయి.