హారన్ అరగని బండి

పాత బండి కొనడానికి వెళ్లినవాళ్లు ముందు ఇంజను మూత ఎత్తి చూస్తారు. నేను డ్రైవరు సీట్లో కూర్చుని కాళ్ల కింద చూస్తాను. ఇంజనును తుడిచి మెరిపించవచ్చు, బాడీకి రంగు కొట్టించవచ్చు, మీటరు అంకెలను వెనక్కి తిప్పించవచ్చు. బ్రేకు పెడలు మీద రబ్బరు ఎంత అరిగిందో, స్టీరింగు ఏ వైపు నునుపు తేలిందో మాత్రం ఎవడూ మార్చడు. మార్చాలని దలాలుకు తట్టదు కూడా. ఇంకొకరి లారీని ఏళ్లతరబడి నడిపి నేర్చుకున్న విద్య ఇది. ఈ విద్యను చూసుకుని నేను చాలా తెలివైనవాడిననుకునేవాణ్ని. ఆ తెలివి నన్ను ఎక్కడికి తీసుకెళ్లిందో చెప్పడానికే ఇదంతా.

డెబ్బైల నడిమి మాట. మాది హఫీజ్‌పేట్. అప్పట్లో మా ఇంటి ముందు నిలబడి మాదాపూర్ దిక్కు చూస్తే గుట్టలు, సీతాఫలం పొదలు, మేకలు తప్ప ఇంకేమీ కనపడేవి కావు. జీడిమెట్లలో మాత్రం ఒకటొకటిగా ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. అందులో ఒకటి సెలైన్ సీసాలు తయారుచేసేది. ఏదైనా జిల్లా దవాఖాన నుంచి తంతి వచ్చిందంటే ఆ మధ్యాహ్నమే సికింద్రాబాద్‌లో రైలుకు పెట్టెలు ఎక్కాలి. లారీవాళ్లేమో నిండా లోడు పడితే గాని కదలరు. ఈ బాధ పడలేక అక్కడి స్టోర్‌కీపరు ఒకరోజు లారీ తోలుకెళ్లిన నాతో, "సొంతంగా ఓ వ్యాన్ చూసుకోండి. అర్జెంటు పెట్టెలన్నీ మీకే ఇస్తానండీ" అన్నాడు. ఆయన గుంటూరు వైపు మనిషి. మాట మెత్తన, పని కచ్చితం.

మా ఆవిడకు రెండు బర్రెలుండేవి. పెళ్లయిన కొత్తలో ఒక దూడతో మొదలుపెట్టి తన చేతులతో పెంచుకున్నది. ఊళ్లో సగం ఇళ్లకు పాలు ఆమే పోసేది. వ్యాన్ కోసం ఆ రెండింటినీ అమ్మేసింది. వాటిని తోలుకుపోయిన రోజు ఖాళీ కొట్టం ఊడుస్తూ ఒక్క మాటే అడిగింది.

"బర్రెకు జరమొస్తె చెవులు పట్టి చూస్త. నీ బండికి జరమొస్తె ఏం పట్టి చూడాలె?"

"నేను చూసుకుంట తియ్యి" అన్నాను. ఆ బండికి పని దొరక్కపోతే మా ఇంట్లో పాలూ లేవు, కూలీ లేదు.

ముషీరాబాద్ దగ్గర ఒక దలాలు అడ్డాలో ఈ బండి దొరికింది. సర్కారీ వేలంలో వచ్చిన బండి అన్నాడు. అప్పుడే వేసిన నీలం రంగు. చాలా రోజులుగా ఎవరూ తీసుకోక మూలన పడి ఉందట. ఎందుకని అడిగితే, నసీబు అన్నాడు. సీట్లో కూర్చున్నాను. బ్రేకు రబ్బరు మీద గీతలు గీతలుగానే ఉన్నాయి. క్లచ్ రబ్బరు మాత్రం బోడిగుండై ఉంది. స్టీరింగు మధ్యలో హారన్ బటన్, దాని మీద చిన్న బూర బొమ్మ. ఆ బొమ్మలో ఒక్క గీత చెరగలేదు. నొక్కితే ఖంగుమని మోగింది.

నేను చూసిన బండ్లలో హారన్ అరగనిది అదొక్కటే. మన పట్నంలో హారన్ కొట్టకుండా ఇన్నేళ్లు నడిచిన బండి! అది ఎట్లా సాధ్యమో నాకు అంతుపట్టలేదు. అంతుపట్టని దాన్ని వదిలిపెట్టి ఇంటికి పోయే స్వభావం నాకు లేదు. బేరం చేసి తెచ్చేశాను.

బాలానగర్‌లో నాకు తెలిసిన మేస్త్రీ ఇంజను హెడ్డు విప్పి చూశాడు. లోపల నల్లటి మసి అట్టలు కట్టి ఉంది. దాన్ని గోకుతూ గొణిగాడు.

"ఈ బండి ఎన్నడు ఉరకలేదన్నా. నిదానంగ నడిస్తెనే గిట్ల మసి పడ్తది. రేడియేటర్ చూడు, కారకుండ ఎన్ని టాకాలేసిన్రో. ఎండల మెల్లగ పోయి పోయి నీళ్లు మసిలినయ్. రెండో గేరు అరిగింది, నాలుగోది ఎవ్వడు ముట్టనే లేదు."

"గింత మెల్లగ ఎవడు నడుపుతడు?"

"నాకేం ఎర్క? ఇగ జర ఉరికియ్యి. రోజూ కొద్దిగ కొద్దిగ. ఒక్కసారే ఉరికిస్తె దగ్గుతది."

అట్లాగే చేశాను. పొద్దున నీళ్లు చూడటం, నూనె పుల్ల తీసి చూడటం, నర్సాపూర్ రోడ్డు మీదికి తీసుకెళ్లి మెల్లమెల్లగా నాలుగో గేరు అలవాటు చేయడం. మొదట్లో నల్లగా దగ్గింది. నాలుగు రోజులకు గొంతు తేటపడింది. ఆ రోజు ఎవరూ లేని రోడ్డు మీద నేను గట్టిగా నవ్వుకున్నాను.

ఫ్యాక్టరీ గేటు దగ్గరికి తీసుకెళ్తే స్టోర్‌కీపరు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"బాగుందండీ. ఇదివరకు ఏం మోసింది?"

"తెల్వదు సార్."

"అలా అంటే కుదరదండీ. ఇవి మనుషుల ఒంట్లోకి ఎక్కే మందులు. పురుగుమందో, కిరసనాయిలో మోసిన బండయితే నేను గేటు దాటనివ్వను. సోమవారం నాటికి కనుక్కుని రండి. తెలిస్తేనే పని."

అప్పటిదాకా అది నాకు ఆసక్తి మాత్రమే. ఇప్పుడు కూడు అయింది. ఇంటికొచ్చి వెనక తలుపులు తీసి లోపల మోకాళ్ల మీద కూర్చున్నాను. నేల చెక్క మీద నిలువునా రెండు గాడులు పడి ఉన్నాయి, మూరెడు దూరంలో, నున్నగా. రెండు పక్కలా గోడ వెంబడి బోల్టు బెజ్జాలు. ఒకప్పుడు అక్కడ బెంచీలుండేవన్నమాట. మూల చెక్క ఒకటి ఎత్తి చూస్తే కింద ఎండిపోయిన బంతిపూల రేకులు, రెండు మూడు పేలాలు, అగరుబత్తీ పుల్లల ముక్కలు.

ఒక్కసారిగా అంతా తేటతెల్లమైపోయింది నాకు. మధ్యలో పల్లకి. రెండు పక్కల భజన చేసేవాళ్లు. ముందూ వెనకా జనం. నిదానంగా రెండో గేరులో ఊరేగింపు. దేవుడి బండికి హారన్ ఎందుకు? మేళతాళాలుంటాయి కదా!

ఇంట్లోకి పరుగెత్తి చెప్పాను. మా ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి ఆ రేకులను కళ్లకద్దుకుంది. బర్రెలు పోయినప్పటి నుంచి ఆమె ముఖంలో లేని వెలుగు వచ్చింది. బండి ముందు భాగానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, సాయంత్రానికల్లా వాడకట్టు మొత్తానికి చెప్పేసింది. ఇద్దరు ముసలమ్మలు వచ్చి టైర్లకు దండం పెట్టిపోయారు.

అంతటితో ఊరుకోవచ్చు. కానీ ఏ గుడిదో తెలుసుకోవాలి కదా! దలాలును పట్టుకుని వేలం కాగితం చూపించమన్నాను. అందులో ఏ గుడి పేరూ లేదు. పట్నంలో ఒక దవాఖాన పేరుంది. అక్కడి మోటారు షెడ్డులో అడిగితే, ఆ బండిని మొదటి నుంచి చివరిదాకా ఒక్కడే నడిపాడని, ఈ మధ్యే రిటైరయ్యాడని చెప్పి నాంపల్లి వెనక గల్లీలో ఇల్లు చూపించారు.

ఆయన అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. ఒంటి మీద ఇంకా ఖాకీ చొక్కానే. నేను బండి సంగతి చెప్పగానే మొదట అడిగింది ఇది: "సెకండ్ గేరు ఇంక గురగుర అంటదా?"

"అంటది కాకా. ఏం మోస్తుండె ఆ బండి?"

ఆయన చేతిలో కాయ పక్కన పెట్టాడు.

"ఎవలు చెప్పలేదా బిడ్డా? దవాఖానల పానం పోయినోళ్లను ఇంటికి చేరుస్తుండె. ఒక్కోపారి ఇంటికాడికెల్లి కాటిదాకా. ఎనుక జనం ఏడ్సుకుంట నడుస్తుంటె సెకండ్ గేరు దాటుడు ఎట్ల? గుంటల పడితె ఎనుకకు తిరిగి, మాఫ్ చెయ్యున్రి అనేటోన్ని. అలవాటైపోయింది."

అరుగు అంచున కూర్చుండిపోయాను. అయినా ఆ ప్రశ్న లోపల ఆగలేదు. "మరి హారన్?"

"హారనా? ఎవలి మీద కొడ్తం బిడ్డా? మా బండిని చూస్తెనే అందరు పక్కకు జరుగుదురు. సైకిలు దిగి దండం పెడుదురు. ఇరువై ఏండ్లల్ల ఒక్కపారి సుత కొట్టలే."

తిరిగివస్తున్నంతసేపూ నేను కూడా రెండో గేరులోనే నడిపాను. భయంతో కాదు, ఇంటికి చేరాలనిపించక.

మా ఆవిడ అంతా విని ముందు పసుపు రాసిన తన చేతులను చూసుకుంది. తరువాత గుమ్మంలోనే కూలబడింది. "నా బర్రెలు ఇగ రావు" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. దాన్ని దాచుకోవడానికి గొంతు పెంచి మాట్లాడాను.

"ఏం కాదే. సోమవారం సారుకు దేవుడి బండి అనే చెప్త. పూలున్నయి, పేలాలున్నయి. వాడకట్టంత నమ్మింది, ఆయన నమ్మడా?"

ఆమె తలెత్తింది. "నేనెన్నడన్న పాలల్ల నీళ్లు కలిపిన్నా?"

"లేదు."

"మరి నువ్వెందుకు కలుపుతవ్? ఆ ముసలాయనను తోల్కపో. ఉన్నది ఉన్నట్టు ఆయన నోటితోనే చెప్పనియ్యి."

ఆదివారం పొద్దున్నే లేచి బండిని తనే కడిగింది. చెక్కలన్నీ ఎత్తించి, పసుపు నీళ్లు చల్లి, ఎండకు తలుపులు తెరిచి పెట్టింది. ముసలమ్మలు మళ్లీ వస్తే, "దేవుడి బండి గాదు పెద్దమ్మా, మన బండి" అని పంపేసింది.

సోమవారం కాకాను పక్కన కూర్చోబెట్టుకుని జీడిమెట్ల వెళ్లాను. ఆయన దాచకుండా చెప్పాడు. స్టోర్‌కీపరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బండి వెనక్కి ఎక్కి, మోకాళ్ల మీద కూర్చుని, నేలకు ముఖం ఆనించి వాసన చూశాడు.

"దేంతో కడిగేవారండీ?" అని కాకాను అడిగాడు.

"ఫినాయిలుతోటి సార్. పోయేముందు ఒక్కపారి, వచ్చినంక ఒక్కపారి."

ఆయన దిగి చేతులు దులుపుకున్నాడు. "నాకు కావలసింది వాసన లేని నేలండీ. మా ఇళ్లలో తెలిస్తే ఏమంటారో నాకు తెలియదు గానీ, వాసనయితే లేదు. పొద్దున్నే తంతి వచ్చింది, ఇరవై పెట్టెలు. అన్నీ గాజు సీసాలు. పెట్టె అడుగున తడి కనపడితే పార్సిల్ ఆఫీసువాళ్లు తీసుకోరు. ఒక్క పెట్టె వెనక్కి వచ్చినా మీరు మళ్లీ రానక్కర్లేదు."

కాకాను దిగమనలేదు నేను. ఆయనా దిగలేదు. పెట్టెల మధ్య గడ్డి కుక్కి బయలుదేరాం. రైలుకు వేళ మించుతోంది. మూడో గేరు, నాలుగో గేరు. కాకా డాష్‌బోర్డును రెండు చేతులా పట్టుకుని, "అరె, గిది ఉరుకుతది!" అన్నాడు. తను ఇరవై ఏళ్లు నడిపిన బండి అది. గుంట తగిలిన ప్రతిసారీ వెనక్కి తిరిగి సీసాలకు, "మాఫ్ చెయ్యున్రి" అంటూనే ఉన్నాడు. నేను నవ్వలేదు. ఆయన అట్లా అంటుంటే నా కాలు దానంతటదే బ్రేకు మీద మెత్తబడింది.

బాలానగర్ దగ్గర రోడ్డుకు అడ్డంగా బర్రెల మంద. వెనక నాలుగు సైకిళ్లు. ఎవరూ కదలడం లేదు. కాకా నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"జరుగుతలేరేంది బిడ్డా?"

"ఇప్పుడు మనకు ఎవ్వరు జరగరు కాకా. కొట్టాలె."

ఆయన ఆ బూర బొమ్మ వైపు చూశాడు. "నేను కొట్టనా?" అని అడిగి, నేను తలూపేలోపే బొటనవేలు పెట్టాడు. మొదట కుయ్యిమనిపించి వెంటనే వేలు తీసేశాడు, తప్పు చేసినట్టు. ఎవరూ దండం పెట్టలేదు. ఒక సైకిలాయన తిరిగి చూసి తిట్టాడు. కాకా ముఖం విప్పారింది. ఈసారి అరచెయ్యి ఆనించి నొక్కి పట్టుకున్నాడు. బర్రెలు తోకలెత్తి పరుగెత్తాయి.

స్టేషన్‌లో పార్సిల్ గుమస్తా ఒక్కొక్క పెట్టె కింద చెయ్యి పెట్టి తడిమాడు. నేను ఇంటిదగ్గర ఖాళీ కొట్టం గురించే ఆలోచిస్తూ నిలబడ్డాను. ఇరవై పెట్టెలూ పొడిగా ఉన్నాయి. రసీదు మీద ముద్ర పడింది. ఆ రసీదును రెండుసార్లు చదివి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

కాకా ఒక పక్కన నిలబడి, కూలీలు పెట్టెలు దించుతున్నంతసేపూ టోపీ తీసి చేతులు కట్టుకుని ఉన్నాడు. చివరి పెట్టె పోయాక, ఎవరూ ఏడవడం లేదని అప్పుడే గమనించినట్టు అటూ ఇటూ చూసి, టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇవి ఎక్కడికి పోతయి బిడ్డా?"

"వరంగల్ దిక్కు దవాఖానకు కాకా."

ఆయన బండి దగ్గరికి నడిచి, ఖాళీ అయిన వెనక భాగంలోకి చాలాసేపు చూశాడు.

"గిన్నేండ్లు దీన్ని దవాఖానలకెల్లి బయటికి తోలుకొచ్చుడే," అన్నాడు. "దవాఖానకు మోసుకపోవుడు ఇదే మొదలు."