వంటింటికి తలుపు పెట్టించుకున్నాను

సూరత్‌లో సగం జీవితం లింబాయత్‌లో ఒకే గదిలో గడిపాను. వంట అక్కడే, పడక అక్కడే, ఓ మూల పాత చీర అడ్డం కట్టుకుని స్నానమూ అక్కడే. చుట్టాలు వస్తే వాళ్ళ కాళ్ళ మధ్య కూర్చుని ఉల్లిగడ్డలు కోసేదాన్ని. కూర మాడితే అందరూ చూసేవారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నా అందరూ చూసేవారు. అందుకే నవాగామ్‌లో చిన్న ఫ్లాటు మాదయ్యాక నేను కోరింది ఒక్కటే. వంటింటికి గోడ, ఆ గోడకో తలుపు.

కొన్నప్పుడు హాలూ వంటగదీ కలిసే ఉన్నాయి. పొయ్యి దగ్గర నిలబడితే వీధి తలుపు దాకా కనిపించేది. ఇప్పుడంతా ఇదే ఫ్యాషన్ అన్నాడు మేస్త్రీ. గోడ కడితే గాలి ఆడదు, ఇల్లు ఇంకా ఇరుకైపోతుంది మౌసీ అని హిందీలో నచ్చజెప్పబోయాడు. గాలి సంగతి నేను చూసుకుంటాను, నువ్వు ఇటుకలు తీసుకురా అన్నాను. ఇన్నేళ్ళూ ఆ ఫ్యాషన్‌లోనే కదా బతికింది! నాకు కొత్తగా నేర్పేదేముంది?

మా ఆయన అడ్డు చెప్పలేదు. "నీ ఇష్టం," అని పెదాలు కదిపాడు.

కదిపాడు అనే అంటున్నాను. పవర్‌లూమ్‌లను ఇక్కడి మా తెలుగు నేతవాళ్ళు సాంచాలు అంటారు. ఆయన వాటి మీద బట్ట నేశాడు, అదే కార్ఖానాలో నేను కండెలు చుట్టాను. ఆ చప్పుడులో గొంతు చించుకున్నా పక్కమనిషికి వినపడదు. అందుకని అక్కడ ఎవరూ గొంతు వాడరు. పెదాలు కదుపుతారు, కనుబొమలు ఎగరేస్తారు, అవతలివాళ్ళు చూసి అర్థం చేసుకుంటారు. మాకు పెళ్ళయిన కొత్తలో ముచ్చట్లన్నీ అట్లాగే నడిచాయి. ఇంటికొచ్చినా అదే అలవాటు. ఇరుగుపొరుగు మమ్మల్ని మూగవాళ్ళనుకున్నారు కొన్నాళ్ళు. కోపమొస్తే తిట్టుకోవడం కూడా ఉండేది కాదు, ముఖం తిప్పుకుంటే చాలు, మాట తెగినట్టే.

సాంచాలు ఆయన చెవుల్ని తినేశాయి. మా అమ్మాయి చెవి మిషన్ కొనిపెడితే రెండు రోజులు పెట్టుకుని తీసి పారేశాడు. "మల్ల కార్ఖానల వడ్డట్టున్నది," అన్నాడు. నాకేమీ ఇబ్బంది అనిపించలేదు. నా ముఖం కనిపిస్తే చాలు, నేనేం అంటున్నానో ఆయనకు తెలిసిపోయేది.

చలికాలంలో గోడ లేచింది. తలుపు బిగించిన రోజు నేను గొప్పగా ప్రకటించాను. "ఇగో, ఇది నా అర్ర. తట్టకుంట ఎవ్వలు రావద్దు." ఆయన నవ్వి తలూపాడు. నేను లోపలికెళ్ళి గడియ పెట్టుకుని, చేయడానికి పనేమీ లేకపోయినా కాసేపు ఊరికే నిలబడ్డాను. పోపు పెడితే ఎవరూ దగ్గలేదు. నా గిన్నెలు, నా డబ్బాలు, నా మూలన నేను. పట్టలేనంత సంతోషం వేసింది, అబద్ధమెందుకు చెప్పాలి!

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. వంట చేస్తూ ఏదో ఒకటి అనడం నాకలవాటు. పాలవాడు రాలేదనో, కింది అంతస్తు గుజరాతీ ఆవిడ దోక్లా ఇచ్చిందనో, పెదాలు కదిపి తలెత్తి చూస్తే ఎదురుగా సున్నం గోడ. చేతిలో పని వదిలేసి, తలుపు తీసి, ఆయన ఎదుటికి వెళ్ళి చెప్పేంత పెద్ద మాటలా అవి? మింగేసేదాన్ని. ఆయనైనా ఒక్కసారి తలుపు తట్టి, ఏం చేస్తున్నావని అడగవచ్చు కదా! అడగలేదు. గోడ కట్టించుకున్నానని అలిగాడనుకున్నాను. అలిగితే అలిగాడు, నాకేం ఖర్మ అనుకుని నేనూ బిగుసుకున్నాను. ఆయన కంచం హాల్లో పెట్టి, ముఖం చూడకుండా తిరిగి లోపలికొచ్చి తినేదాన్ని. ఒక కప్పు కింద ఇద్దరం ఉండి అంత ఒంటరితనం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. లింబాయత్ గదిలో చోటు లేక ఏడ్చాను, ఇక్కడ చోటు ఎక్కువై ఏడుపొచ్చింది.

సూరత్‌లోనే ఉధ్నాలో ఉండే మా అమ్మాయి ఫోన్ చేసి అడిగేది. "బాపు ఏం చేస్తుండు?"

"ఏం చేస్తడు? కుర్సీ ఇటు తిప్పుకొని గోడను చూస్తుండు."

"అట్లెందుకు?"

"నాకేం ఎరుక? గోడనే అడుగు."

తొలకరి మబ్బులు పట్టిన ఒక సాయంత్రం కొత్తిమీర అయిపోయిందని చూసుకుని, కిందికి వెళ్ళాను. మాటలే లేనప్పుడు పోయొస్తానని చెప్పేదేముంది? ఆయన బాత్రూములో ఉన్నాడు. వంటింటి తలుపు దగ్గరకు లాగి వెళ్ళిపోయాను.

తిరిగొచ్చి వీధి తలుపు తీసేసరికి ఆయన కుర్చీలో ఉన్నాడు. నేను రావడం ఆయనకు వినపడలేదు. మూసిన వంటింటి తలుపు వైపు కొద్దిగా ముందుకు వంగి కూర్చున్నాడు. పక్క నుంచి చూస్తే పెదాలు కదులుతున్నాయి. కనుబొమలు ఎగురుతున్నాయి. చూపుడువేలు బాల్కనీ వైపు చూపిస్తోంది. గొంతు మాత్రం లేదు. సంచీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయి చదివాను.

"వాన వచ్చేటట్టున్నది. బట్టలు లోపట ఏద్దామా?"

కాసేపు ఆగాడు. జవాబు కోసం ఆగినట్టే ఆగాడు. తర్వాత లేచి, తానే వెళ్ళి తాడు మీద బట్టలు తీసుకొచ్చాడు. వస్తూ నన్ను చూశాడు. నన్నోసారి, తలుపునోసారి చూసి, చేతిలో బట్టలతో అలాగే నిలబడిపోయాడు.

"నువ్వు లోపట లెవ్వా?"

"కొత్తిమీరకు పోయిన."

ఆయన ముఖం చిన్నబోయింది. "రోజు గిట్లనే తలుపుతోని మాట్లాడుతున్నవా?" అని అడిగాను.

"తలుపుతోని ఎందుకు మాట్లాడుత? నీతోనే. నువ్వే జవాబియ్యకపోతివి."

"తలుపు అడ్డముంటె నాకెట్ల కనవడుతది? గొంతుతోని పిలువద్దా!"

"నిన్ను ఎన్నడన్న గొంతుతోని పిలిచిన్నా?"

నిజమే. ఎన్నడూ పిలవలేదు. ఆయనకు వినపడదని నాకు తెలుసు, కానీ ఆయన మాటకు చప్పుడుండదన్నది ఇన్నేళ్ళ సంసారంలో నాకు తట్టనే లేదు. ఎప్పుడూ ఎదురుగా ఉన్నాడు కనుక ఆ అవసరమే రాలేదు.

"తలుపు తట్టవద్దా మరి?" అన్నాను, కోపం తెచ్చుకోబోయి.

"కష్టపడి కట్టించుకున్న అర్రాయె. తడ్తె పరేషానైతవని ఊకున్న. మాట్లాడంగ మాట్లాడంగ నువ్వే తీస్తవనుకున్న."

చేతిలో సంచీ కింద పెట్టేసి ఆయన ముందు నేల మీద కూలబడ్డాను. చలికాలం నుంచీ ఏమేం అన్నావో అన్నీ ఇప్పుడు చెప్పమన్నాను. ఆయన నవ్వాడు.

"ఏమున్నది, రోజు మాటలే. యాదికి లెవ్వు."

"ఒక్కటన్న చెప్పు."

చాలాసేపు ఆలోచించాడు. దాచడం కాదు, నిజంగానే గుర్తుకు రాలేదు. మేస్త్రీని పిలిచి గోడ కొట్టించేద్దామని ఇద్దరం అనుకున్నాం. మర్నాడే పిలిచాం కూడా. కానీ అన్ని నెలలు నా మొగుడు నాతో మాట్లాడిన మాటల్లో నాకు దక్కింది ఆ బట్టల మాట ఒక్కటే. అది కూడా నేను లోపల ఉన్నాననుకుని అన్నది.