లేని ఫ్యాను చప్పుడు

ఫిర్యాదు రాయకుండా ఆయన కాఫీ ముట్టుకున్న రోజు నాకు గుర్తు లేదు. మా వృద్ధాశ్రమం వరండాలో మేకుకి వేలాడే ఫిర్యాదుల పుస్తకం పేరుకి ముప్పై మందిది, వాడకంలో ఆయనొక్కరిదే. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా ముప్పై నాలుగేళ్ళు కొట్ల వెంట తిరిగి, వర్తకుల్ని హడలగొట్టి రిటైరయ్యారట. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. అందరూ ఇన్‌స్పెక్టరుగారనే పిలిచేవారు. వెనకాల వేరే పేర్లు కూడా ఉండేవి, వాటిలో సగం నేను పెట్టినవే.

నేనక్కడ మెకానిక్కుని. ఫ్యాన్లు, కుళాయిలు, తలుపులు, మంచాల చక్రాలు అన్నీ నా నెత్తినే. పుస్తకంలో ఫిర్యాదు పడితే ఆ రోజే ఆ గదికి వెళ్ళి చూడాలి. పని ఎలా జరిగిందో ఆ గదివాళ్ళ చేత చీటీ మీద రాయించి, సంతకం పెట్టించుకోవాలి. ఈ రూలు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఇన్‌స్పెక్టరుగారి గురించి ఆయనకి తెలిసి ఉండదు.

మామూలు మనిషైతే తలుపు చప్పుడు చేస్తోందని రాసి ఊరుకుంటాడు. ఈయన అలా కాదు. ‘ఏడో నంబరు తలుపు మూసేటప్పుడు రెండున్నర సెకన్లు మూలుగుతోంది.’ ‘నాలుగో గది గడియారం మూడు నిమిషాల పది సెకన్లు వెనక.’ ‘పదకొండో గది మంచం కిటికీ వైపు అర అంగుళం వాలింది.’ తీరా నేను వెళ్ళి చూస్తే గడియారం సరిగ్గానే ఉండేది. మంచం మీద రసమట్టం పెడితే బుడగ నడిమధ్యన కదలకుండా కూర్చునేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

పైగా వెళ్ళిన చోట పని తెమిలేది కాదు. తొమ్మిదో గదిలో ఒకప్పటి టెలిఫోన్ ఆపరేటరమ్మ ఉండేది. బతుకంతా జనం మాటలు కలిపిన ఆవిడకి ఫోను వచ్చి మూడేళ్ళయింది. నేను నిచ్చెన ఎక్కగానే కుర్చీ లాక్కుని కూర్చుని, నిచ్చెన కాలు పట్టుకునేది. నేను పడిపోతానని భయమేమో అనుకునేవాణ్ణి. ఆవిడ కబుర్లు అయ్యేవరకూ ఆ చెయ్యి వదిలేది కాదు. నాలుగో గది దర్జీ తాత అయితే గడియారం వంక చూడనైనా చూడకుండా నా చొక్కా కుట్టు చూసి, కుట్టినవాణ్ణి తిట్టి, వదులైన గుండీ బిగించాకే సంతకం పెట్టేవాడు.

చివరికి ఇన్‌స్పెక్టరుగారు నాకు అడ్డంగా దొరికిపోయారు. పన్నెండో గది ఫ్యాను నిమిషానికి నలభై సార్లు టకటకమంటోందని ఒక ఉదయం రాశారు. మోటారు కాలిపోయిందని ఆ ఫ్యాను నేను రెండు రోజుల క్రితమే విప్పి షెడ్డులో పెట్టాను. ఆ గది కప్పుకి కొక్కెం తప్ప ఏమీ లేదు. నా ఆనందం ఇంతా అంతా కాదు. రూలు ప్రకారం పన్నెండో గదికి వెళ్ళి సంతకం తీసుకుని, పుస్తకం చంకన పెట్టుకుని సూపరింటెండెంటు మేడమ్ దగ్గరికి నడిచాను.

మేడమ్ అప్పటికే చిరాగ్గా ఉన్నారు. ఆశ్రమానికి గ్రేడు వేయడానికి పైవాళ్ళు వచ్చే వారమే వస్తున్నారు. ఏడాదిలో మూడు వందల డెబ్బై ఫిర్యాదులు చూస్తే వాళ్ళేమనుకుంటారు? ఇన్‌స్పెక్టరుగారిని ఊరి బయట ఉన్న ఇంకో ఆశ్రమానికి పంపేస్తూ ఆమె ఉత్తరం టైపు చేయించారు. తప్పుడు ఫిర్యాదులన్నీ గదులవారీగా జాబితా రాసి ఆధారంగా జత చేయమని నాకు చెప్పారు.

ఉత్సాహంగా కూర్చున్నాను. రాస్తున్నకొద్దీ ఉత్సాహం తగ్గింది. మూడు వందల డెబ్బై ఆరు గదులవే. ఆయన సొంత గది, పదహారో నంబరు, ఒక్కసారి కూడా లేదు. అనుమానం వచ్చి, చూడటానికి వచ్చేవాళ్ళు సంతకం చేసే రిజిస్టరు తిరగేశాను. ఏడాది మొత్తంలో ఆ ఆరు గదులకి ఒక్క మనిషీ రాలేదు. అలాంటి గది ఇంకొక్కటే ఉంది. అది పదహారోది. ఇన్నేళ్ళలో ఆ గడప నేనూ తొక్కలేదు.

వరండా బల్ల మీద కూర్చున్న ఆయన దగ్గరికి వెళ్ళి, పన్నెండో గదిలో అసలు ఫ్యానే లేదని చెప్పాను. ఆయన తల దించుకున్నారు.

“ఆ గదిలోకి ఆయనొచ్చి పదిహేను రోజులైంది. గది దాటి బయటికి రాడు, నేను తట్టినా తలుపు తీయలేదు. లోపల చూడకుండా రాసేశాను. ఇంత సర్వీసులో ఇదే మొదటి తప్పు.”

“అసలెందుకు సార్ ఇదంతా?”

“ఫ్యాను పాడైందంటే నువ్వు ఆ పూటే వస్తావు కదయ్యా. తోచట్లేదంటే ఎవరొస్తారు? దానికి మీ పుస్తకంలో గడి లేదు.” మెల్లగా అడిగారు. “పన్నెండో ఆయన ఏమన్నా మాట్లాడాడా?”

“లేని ఫ్యాను బాగుచేయడానికి వచ్చావా అని నవ్వాడు సార్. గంటసేపు కదలనివ్వలేదు.”

ఇన్‌స్పెక్టరుగారు ఆ గంటని మనసులో కొలుచుకున్నట్టు తలూపారు. నాకు మాత్రం సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఈయన పంపిన చోటికల్లా తిట్టుకుంటూనే వెళ్ళాను.

జాబితా, పక్కనే రిజిస్టరు మేడమ్ బల్ల మీద పెట్టాను. రెండూ చాలాసేపు చూశారు. ఉత్తరం నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు. గ్రేడు సంగతి అడిగితే, వచ్చినవాళ్ళకి ఈ రిజిస్టరు కూడా చూపిస్తానన్నారు. నిచ్చెన కాళ్ళకి కొత్త రబ్బర్లు వేయించుకోమని నాకు చెప్పారు.

మర్నాడు ఇన్‌స్పెక్టరుగారి కన్నా ముందే వెళ్ళి పుస్తకంలో నేనే రాశాను. ‘పదహారో గది కిటికీ గడియ పావు అంగుళం వదులు.’ తర్వాత పుస్తకం, స్క్రూడ్రైవరు పట్టుకుని ఆయన తలుపు తట్టాను.

ఆయన ఫిర్యాదు చదివి, జేబులోంచి టేపు తీసి గడియ కొలిచి, నా మొహంలోకి చూశారు. గదిలో ఉన్న ఒక్క కుర్చీనీ నా వైపు జరిపి తాను మంచం మీద కూర్చున్నారు. గట్టిగానే ఉన్న స్క్రూని ఊడదీసి మళ్ళీ బిగించడానికి నాకు ముప్పావుగంట పట్టింది. ఈలోగా త్రాసు కింద అయస్కాంతం దాచిన వర్తకుణ్ణి ఆయన ఎలా పట్టుకున్నారో మొదటి నుంచీ చివరిదాకా విన్నాను.

లేచి చీటీ అందించాను. ఆయన కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, ఒక్కో అక్షరం దిద్ది రాసి, సంతకం చేసి ఇచ్చారు.

‘పని ఏమాత్రం తృప్తికరంగా లేదు. మెకానిక్కు రేపు మళ్ళీ వచ్చి చూడవలెను.’