ఆ నాబ్‌లు తిప్పిందెవరు?

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. బైబిలు లేఖనాల్లో ఉన్నాయి, కాదనను. కానీ పందుల్లో దూరి సముద్రంలో పడ్డవి విశాఖపట్నం దాకా ఈదుకొస్తాయంటే మాత్రం ఒప్పుకోను.

ఎనభైల చివర్లో ఒక భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మైక్రోస్కోపు చూసే ఉద్యోగం చేశాను. విదేశంలో బరువైన పరమాణు కేంద్రకాలను మహా వేగంతో ఫొటో ప్లేట్లలోకి వదిలి, ఆ ప్లేట్లు మాకు పంపేవారు. లోపల కేంద్రకాలు ఢీకొన్నచోట విద్యుదావేశమున్న కణాలు నలువైపులా చిమ్మి, సన్నని గీతలు మిగిలేవి. నక్షత్రంలా ఉంటుంది కాబట్టి దాన్ని చుక్క అనేవాళ్లం. ఆ గీతలు లెక్కపెట్టడమే మా పని.

పరిశోధక విద్యార్థి అప్పలనాయుడికి ఒకరోజు ఎన్నడూ చూడనంత పెద్ద చుక్క కనబడింది. లెక్కపెట్టేలోపు తుమ్మాడు. ప్లేటును జరిపే నాబ్ మీదున్న చెయ్యి అదిరింది, చుక్క పోయింది. వారమంతా వెతికాం. మర్నాడు ప్లేటు తిరిగి పంపెయ్యాలి.

"అక్కా, ఆ సుక్క దొరక్కపోతే నా పీహెచ్‌డీ గోవిందా! అప్పన్నకి తలనీలాలు మొక్కీసినాను."

"ఇయ్యడానికి నీ తలమీద మిగిలిందేటి బాబూ?" అన్నాను. అప్పటికే సగం బట్టతల.

మధ్యాహ్నం ఆ ప్లేటున్న మైక్రోస్కోపు ముందు కుర్చీలోంచి లేవకుండానే క్యారేజీ ఒళ్లో పెట్టుకుని, చేతులు జోడించి కళ్లు మూసుకున్నాను. భోజనానికి స్తోత్రం చెప్పి, అలవాటుగా ఉక్కు ఫ్యాక్టరీలో మా తమ్ముడికి ఉద్యోగం అడిగాను. చుక్క ఊసే ఎత్తలేదు. ఆమేన్ అని, ఎందుకో మైక్రోస్కోపులోకి చూశాను.

నట్టనడుమ చుక్క. అలా కనబడాలంటే ప్లేటును అడ్డంగా, నిలువుగా జరిపి, లోతు సరిచెయ్యాలి. మూడు నాబ్‌లు. నా రెండు చేతులూ ఇంకా జోడించే ఉన్నాయి. అప్పలనాయుడు గుమ్మంలో పులిహోర తింటున్నాడు.

"ఏటక్కా, నువ్వేనా తిప్పినావు?"

"నాను ముట్టుకోనేదురా!"

ప్రొఫెసరు గారు నమ్మలేదు. గీతలన్నీ లెక్కపెట్టించాక, "ఏదీ, ఇంకోసారి ప్రార్థించమ్మా" అని నాబ్‌ల మీదికి వంగి చూశారు. అదురుకి కదిలాయేమోనని తలుపు దబాలున వేయించారు. బల్లను తన్నారు. కాలు వాచింది గానీ ఒక్క నాబూ కదల్లేదు.

పీహెచ్‌డీ వచ్చింది. అప్పలనాయుడు నున్నగా గుండు చేయించుకొచ్చి, అంతా అప్పన్న మహిమన్నాడు. నా దేవుడి పనేనని చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పాను, ఇప్పటికీ చెబుతాను. కానీ ఒక్కటి నాకు అంతుపట్టదు. తమ్ముడికి ఆ ఉద్యోగం రాలేదు. గోపాలపట్నంలో సైకిలు షాపు పెట్టుకున్నాడు. కనబడినప్పుడల్లా అదే ప్రశ్న.

"అక్కా, ఆ రోజు నా పేరు సరిగ్గానే సెప్పినావా?"

చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పాను.