ఎడమకు లాగే కారుతో ఆళ్లగడ్డకు

నా కారు ఆరు నెలలుగా ఎడమకు లాగుతూ ఉండేది. వానాకాలంలో ఒక కల్వర్టు పక్కన ముందు ఎడమ చక్రం గుంతలో దిగబడి, మెకానిక్కులు చాసీ అనే కింది ఇనుప చట్రం వంగిపోయింది. టాపు లేని, రెండే సీట్ల ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు అది, యుద్ధానికి ముందుది. గుంతకల్లు రైల్వే దొర ఒకాయన దేశం విడిచి పోతూ అమ్మితే కొని, తుప్పు గీకి, రంగు వేయించి, సీట్లు కుట్టించి దాన్ని మనిషిని చేశాను. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి మా నంద్యాల మెకానిక్కులకు సర్కారు జీపులంటేనే లెక్క. నా కారు కిందికి వంగి చూసి, తూకానికి అమ్మెయ్యమన్నారు.

అమ్మడానికి నాకు మనసొప్పలేదు. నా భార్య సుభద్ర టైఫాయిడ్‌తో పోయి రెండేళ్లయింది. ఆ కారులో ఎడమ సీటు ఆమెది. ఇంజను ఎక్కడ కాగిపోతుందోనని ఎప్పుడూ ఒళ్లో ఇత్తడి చెంబుతో నీళ్లు పెట్టుకుని కూర్చునేది. ఒకసారి అహోబిలం నుంచి వస్తూ నీళ్లు పోయడానికి దిగినప్పుడు, ఆ చెంబు తలుపుకు తగిలి అరచేయంత సొట్ట పడింది. నేనేమంటానోనని ఆమె, ఏమీ అనకూడదని నేను, శిరివెళ్ల దాకా నోరు మెదపలేదు. శిరివెళ్ల దాటాక ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఫోటోలో ఆమె ఎవరో పెద్దమనిషిలా బిగుసుకుని ఉంటుంది. నాకు ఆమె అచ్చంగా మిగిలింది ఆ సొట్టలోనే. చాసీ తిన్నగా కాకపోతే కారు తూకానికి పోతుంది, దానితో పాటు అదీ పోతుంది. అందుకే, ఆళ్లగడ్డలో లారీల చాసీలు సరిచేసే దస్తగిరి అనే కమ్మరి ఉన్నాడని మా జిన్నింగు మిల్లుకు పత్తి తోలే లారీ డ్రైవరు చెప్పగానే బయలుదేరాను.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పాతిక మైళ్ల పైచిలుకు. బస్సులో పోయేవారికి పన్నెండణాలు, గంటన్నర ప్రయాణం. తెల్లవారుజామున బయలుదేరితే బండ్ల రద్దీ తప్పించుకోవచ్చు. మాఘమాసపు చలిలో స్టీరింగును కుడికి బిగబట్టి పట్టుకుని నడపడంతో శిరివెళ్లకే భుజాలు పట్టేశాయి. అక్కడ హోటల్లో కాఫీ బాగుంటుంది, అణా. దారి పొడుగునా ఎడమ పక్క దూరంగా నల్లమల కొండలు కనిపిస్తాయి. చూడమని చెప్పడానికి పక్కన ఎవరూ లేనప్పుడు అంత అందమైన దారి కూడా త్వరగా అయిపోతే బాగుండుననిపిస్తుంది.

దస్తగిరి కొలిమి ఊరు దాటాక రుద్రవరం దారిలో ఉంది. అరవై ఏళ్ల మనిషి, గొంతు పెద్దది, తన పనిమీద తనకున్న గౌరవం అంతకంటే పెద్దది.

"ఏందప్పా ఇది, పిల్లోళ్లు ఆడుకునే బండి మాదిరి ఉండాది? యాడ గుద్దినావ్?"

"గుంతలో పడింది మేస్త్రీ. పారెయ్యమంటాండారు నంద్యాల్లో."

"వాళ్లకేం తెలుసు! లోయలో పడిన లారీని లేపి నడిపించినోణ్ణి నేను. రేప్పొద్దుటికి దీన్ని దారం లాగినట్టు తిన్నగా చేసిస్తా. నువ్వు అడ్డం రాగాకు, అంతే."

బేరం పాతిక రూపాయలకు తెగింది. చక్రాలు విప్పి, కారును నాలుగు రాతి దిమ్మెల మీద నిలబెట్టాడు. చాసీ నాలుగు మూలల నుంచి దారానికి కట్టిన ఇనుప గుండు వదిలి, అది కింద ఆగిన చోటల్లా సున్నంతో గుర్తు పెట్టాడు. ఆ గుర్తుల మధ్య మూల నుంచి ఎదురు మూలకు రెండు దారాలు ఐమూలగా లాగాడు. రెండూ సమానంగా ఉంటే చాసీ తిన్నగా ఉన్నట్టు. మాది రెండు వేళ్లు తేడా వచ్చింది. తర్వాత వెనక చక్రాల దగ్గర కారు బరువు మోసే కమాను పట్టీలు తడిమి చూశాడు.

"కుడిపక్కవి కుంగినాయి, ఎడంపక్కవి బాగుండాయి. నువ్వొగనివే తిరుగుతాండావా? ఈ పక్క మనిషి కూచోరా?"

"ఊఁ" అన్నాను. విప్పి పెట్టిన నట్లు ఏరి ఒక పక్కన పెట్టసాగాను. ఆయన కూడా గుచ్చి అడగలేదు.

ఆ రోజంతా వంగిన చోట కొలిమి నిప్పు పెట్టి, ఎర్రబడగానే గొలుసు వేసి జాకీతో లాగడం, చల్లారాక గుండు వదిలి చూడడం. ఇనుము వెనక్కి ముడుచుకుంటుందని ప్రతిసారీ కావలసిన దానికంటే కొంచెం ఎక్కువే లాగేవాడు. చూస్తుంటే నా పళ్లు జివ్వుమన్నాయి. చీకటి పడేసరికి సగమే అయింది. సత్రంలో పడుకున్నాను. అక్కడ డబ్బు తీసుకోరు గాని దుప్పటి మాత్రం మీరే తెచ్చుకోండి.

మర్నాడు మధ్యాహ్నానికి రెండు దారాలూ సమానమయ్యాయి. కుంగిన పట్టీలను కాల్చి మళ్లీ వంపు తెచ్చి బిగించాడు. నడిపి చూద్దామని దస్తగిరి నా అనుమతి కోసం చూడకుండా ఎడమ సీట్లో ఎక్కి కూర్చున్నాడు. రెండేళ్లలో అక్కడ కూర్చున్న మొదటి మనిషి. రుద్రవరం దారిలో మైలు దూరం పోయాక, "చేతులిడ్సు" అన్నాడు. వదిలాను. కారు రోడ్డు మధ్యలో తిన్నగా పోతూనే ఉంది. ఎన్నాళ్లకో నాకు సంతోషం కలిగింది. కారు దక్కింది, ఇంక ఎవరికీ అమ్మక్కర్లేదు. ఆ సంతోషంలోనే, పత్తి బేరాల అలవాటు కొద్దీ, డబ్బులిస్తూ నవ్వుతూ అడిగాను.

"ఇంత బేరం చేసినాం, కొసరేమీ లేదా మేస్త్రీ?"

"కొసరు లేకుండా ఈ దస్తగిరి యాపారం చేసినాడా ఎప్పుడన్నా? పోయి బువ్వ తిని రాపో, ఉంటాది."

బస్సులు ఆగే చోట ఒక పెద్దమ్మ నడిపే పూటకూళ్ల ఇల్లు ఉంది. ఆరణాలకు కడుపునిండా భోజనం. గోంగూర పచ్చడి కారం ఘాటుగా ఉంటుంది, మజ్జిగ దగ్గర పెట్టుకోండి. నేను కాళ్లు కడుక్కుంటుంటే వాకిట్లోకి తొంగిచూసి, "ఒగ ఆకేనా నాయనా, రెండెయ్యాల్నా?" అని అడిగింది. ఒకటే చాలన్నాను. ఆకలి బాగానే వేసింది, రెండుసార్లు వడ్డించుకున్నాను.

తిరిగి వచ్చేసరికి దస్తగిరి నా కారు పక్కన పెళ్లికొడుకును ముస్తాబు చేసినవాడిలా నిలబడి ఉన్నాడు. ఎడమ తలుపు మిలమిల మెరుస్తోంది. లోపలి అట్ట విప్పి, బయట ఇసక సంచి ఆనించి, లోపల్నుంచి కొయ్య సుత్తితో కొట్టి, నూనె గుడ్డతో తుడిచాడట. సొట్ట లేదు.

"ఇదో నీ కొసరు! ఎవుడు కొట్టినాడోగాని బండి మొగమే సెడగొట్టినాడు. నా సేతిలోంచి పోయే బండికి సొట్ట ఉంటే నాకు నామోషీ. ఎట్లుంది?"

ఆయన కళ్లలోని సంబరం చూస్తూ నిజం ఎలా చెప్పను?

"బాగుంది మేస్త్రీ, శానా బాగుంది" అన్నాను.

"నీ ఇంటోళ్లు చూస్తే మురిసిపోతారు" అని భుజం తట్టి పంపించాడు.

సాయంత్రం ఎండలో నంద్యాల దారి పట్టాను. కారు గీత గీసినట్టు పోతోంది. వేలు ఆనిస్తే చాలు. శిరివెళ్ల దాటాక ఆపి, దిగి, అవతలి పక్కకు వెళ్లి తలుపు మీద చెయ్యి పెట్టి వెతికాను. ఎక్కడో ఒకచోట చిన్న ఎగుడుదిగుడైనా ఉంటుందనుకున్నాను. ఆ సొట్ట ఎక్కడుండేదో కూడా నా చేతికి దొరకలేదు. సుభద్ర పోయిన రోజు ఇంటినిండా మనుషులుంటే ఏడవలేకపోయాను. ఆ రోడ్డు పక్కన ఎవరూ లేరు, ఏడ్చాను.

దస్తగిరి మీద నాకు కోపం లేదు, ఇప్పటికీ లేదు. ఆయన తన చేతిలో ఉన్న మంచి పనిని నాకు ఊరికే ఇచ్చాడు. ఈ పక్క మనిషి కూచోరా అని అడిగినప్పుడు నాలుగు మాటలు చెప్పి ఉంటే, ఆ సొట్ట చుట్టూ తానే సున్నంతో గీత గీసి కాపలా కాసేవాడు. బాధను గుట్టుగా ఉంచుకోవడం మర్యాద అనుకున్నాను. ఎదుటివాడికి తెలియని దాన్ని ఎదుటివాడు ఎలా కాపాడతాడు? చాసీ వంగిన బండి ఉన్నవారు మద్రాసు దాకా పోనక్కర్లేదు, నిశ్చింతగా ఆళ్లగడ్డ వెళ్లండి, అంతకంటే మంచి పనివాడు ఈ చుట్టుపక్కల లేడు. బండి అప్పగించే ముందు మాత్రం ఏం బాగుచెయ్యాలో చెప్పి ఊరుకోకండి. ఏది ముట్టుకోకూడదో కూడా చెప్పండి, ఎందుకని అడిగితే గొంతు వణికినా సరే చెప్పండి.