పిల్లలు ఎంత?

1967లో నేను బాపట్లలో ఒక మిషన్ ఆసుపత్రి పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని. మాది తెనాలి. చదువంతా తెలుగులోనే సాగింది. వార్డు రిపోర్టు, అంటే డ్యూటీ మారేటప్పుడు ఒక్కో బిడ్డ పరిస్థితి చెప్పడం, మాత్రం ఇంగ్లీషులోనే ఉండాలి. మా డాక్టరమ్మ విదేశీయురాలు. మన దేశం వచ్చి ఏడాది కూడా కాలేదు.

మొదట్లో నేను "హౌ మెనీ మిల్క్" అనేదాన్ని. పాలు ఎన్ని తాగింది, నీళ్ళు ఎన్ని తాగింది అనేగా మనం అడుగుతాం! మనకి పాలు, నీళ్ళు బహువచనాలు. ఇంగ్లీషులో అవి అన్‌కౌంటబుల్, అంటే లెక్కపెట్టలేనివి. వాటికి 'హౌ మచ్' అనాలి. గ్లాసులు, మాత్రలు, పిల్లలు లెక్కకి వస్తారు గనక 'హౌ మెనీ'. ఆవిడ ఓపిగ్గా దిద్దేది. నేను ఆవిడకి తెలుగు చెప్పేదాన్ని. వస్తువులైతే ఎన్ని, మనుషులైతే ఎంతమంది, కొలిచేదైతే ఎంత, ధర అడగాలన్నా ఎంత. "మాకు రెండే, మీకు ఇన్నా?" అని నవ్వేది. బజారులో ముందుగా నేర్చుకున్న మాట కావడంతో తొందరలో ఆవిడకి 'ఎంత' అనే నోటికొచ్చేది.

ఆ వేసవిలో రేపల్లె అవతల పల్లె నుంచి నాంచారమ్మ అనే కూలిమనిషి ఏడాదిన్నర ఆడపిల్లని తీసుకొచ్చింది. మరాస్మస్, అంటే తిండి చాలక కండంతా కరిగిపోవడం. పిల్ల ఏడవడం కూడా మానేసింది. ముక్కులోంచి ట్యూబు వేసి పాలు పోసి, సిరంజిలు మరగబెట్టడానికి పక్కగదిలోకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ తన బల్ల దగ్గర కేసు షీటు రాస్తోంది.

"ఆమెకి వేరే పిల్లలు లేరు. నేనే తెలుగులో అడిగాను" అంది సంతోషంగా.

"ఏం చెప్పింది?"

"ఏమీ వద్దమ్మా, అంది. లేరనేగా?"

"మీరు ఏమని అడిగారు?"

పిల్ల వైపు చెయ్యి చూపించి, తెలుగులో అంది: "పిల్లలు ఎంత?"

అటు చూశాను. మంచం మీద పిల్ల ఒక్కతే ఉంది. తల్లి లేదు.

బస్టాండుకి పరిగెత్తాను. రేపల్లె బస్సు ఆగే చోట, చెంగు నోట్లో కుక్కుకుని నేలమీద కూర్చుని ఉంది.

"పిల్లనొదిలేసి ఎక్కడికమ్మా?"

"ఇచ్చేశాను కదమ్మా. ఇంకోసారి మొహం చూస్తే పోలేను."

"ఎవరికి ఇచ్చావు?"

"ఆ దొరసానమ్మకి. ఎంత అనడిగింది. బిడ్డని అమ్ముకుంటానా? ఏమీ వద్దన్నాను. ముందు ఇద్దరూ నా చేతుల్లోనే పోయారు. ఇదైనా ఆవిడ దగ్గర ఇంత తిని బతుకుద్దని..."

"ఆవిడ కొంటాననలేదమ్మా. నీకెంతమంది పిల్లలని అడగబోయింది. భాష రాక అలా అంది."

నాంచారమ్మ లేచి నిలబడింది.

"అయితే అది ఇంకా నాదేనా, అమ్మా?"

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. జరిగింది చెప్పాను. డాక్టరమ్మ వెళ్ళి, నాంచారమ్మ పక్కన నేలమీద కూర్చుంది.

పిల్ల దక్కలేదు. ఆ వారంలోనే తల్లి ఒళ్ళోనే పోయింది. శవమని తెలిస్తే బస్సు ఎక్కనివ్వరని, నిద్రపోతున్న పిల్లని వేసుకున్నట్టు భుజాన వేసుకుని నాంచారమ్మ రేపల్లె బస్సెక్కింది. తల మీద చెంగు కప్పింది నేనే.

తర్వాత చాలా ఏళ్ళు నర్సింగు విద్యార్థినులకి ఇంగ్లీషు చెప్పాను. హౌ మచ్, హౌ మెనీ వాళ్ళకి తొందరగానే వచ్చేసేవి. దానికన్నా ఎక్కువసేపు నేర్పింది ఇంకొకటి. మంచం దగ్గర ఏ భాషలో అడిగినా సరే, జవాబు రాసుకునే ముందు, "నేనేం అడిగానో చెప్పమ్మా" అని ఆ తల్లి నోట వినాలి.