కరుణమ్మ గారి సీడీ ప్లేయరు

నిన్న మధ్యాహ్నం గుణుపూర్ నుంచి వచ్చిన ఒక ముసలాయన సంచిలోంచి స్కానింగ్ సీడీ తీసి నా బల్ల మీద పెట్టాడు. ఈ మధ్య అన్నీ ఫోన్లలోనే పంపేస్తున్నారు గనుక సీడీ చూసి చాలా రోజులైంది. కంప్యూటర్ మీట నొక్కితే పళ్ళెం బయటికి జారింది. సీడీ పెట్టి తోశాను. లోపల ముందు చిన్న గురక, తర్వాత తిరుగుతున్న చప్పుడు, అది సన్నబడి సన్నబడి ఈలలా మారింది. ముసలాయన తన వెన్నెముక గురించి ఏదో చెబుతున్నాడు. నేను మాత్రం పాట మొదలవుతుందేమోనని ఎదురుచూస్తున్నాను. పాట రాదని తెలుసు. అయినా చెవి ఎదురుచూసింది. కరుణమ్మ గారు సీడీ ప్లేయరు కొనేముందు, ఆమె పక్కనుండి ఆ చప్పుడు మూడుసార్లు విన్నాను. ఆ మూడుసార్ల సంగతే చెప్పాలి.

నేను రాయగడలోని ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. తొంభైల మధ్యలో మాట. మాది రామనగుడ. కరుణమ్మ గారు వార్డు సిస్టరు. పార్వతీపురం వైపు నుంచి వచ్చి అప్పటికే పాతికేళ్ళయింది. పొట్టి మనిషి, వేగంగా నడిచేవారు. ఆమె కేకలేయగా నేను వినలేదు. చేరిన మొదటి వారంలోనే ఒక ముసలమ్మ బీపీ చూడమన్నారు. స్టెతస్కోపులో నాకేమీ సరిగా అందలేదు. ఇంకోసారి చూడాలంటే భయం, అడగాలంటే సిగ్గు. అందరికీ ఉండే అంకెలు రాసేశాను. ఆవిడ మళ్ళీ తానే చూసి కాగితం నా ముందు పెట్టారు.

"ఇది ఎవలు రాసేరు?"

"నానే సిస్టరమ్మా."

"నీకు వినబడిందేటి?"

నేను తల అడ్డంగా ఊపాను.

"వినబడకపోతే వినబడనేదని సెప్పు అమ్మీ. అందులో తప్పు నేదు. వినబడకుండానే వినబడిందని రాసేవు సూడు, అదీ తప్పు" అని, నా చెవుల్లో స్టెతస్కోపు తానే సరిగా పెట్టి, ముసలమ్మ మోచేతి మడత దగ్గర నా వేళ్ళు ఆనించి, చప్పుడు అందేదాకా పక్కనే నిలబడ్డారు. ఇంకెవరితోనూ ఆ మాట అనలేదు. నాకు వచ్చిన పనిలో సగం అలా పక్కన నిలబడి నేర్పిందే.

ఆమె భర్త దానియేలు మాస్టారు నేను చేరకముందే పోయారు. బడిలో లెక్కలు చెప్పేవారు, గుడిలో పాటల బృందాన్ని నడిపించేవారు. విశాఖపట్నం నుంచి సామాను తెప్పించుకుని సొంతంగా ఆంప్లిఫయర్ బిగించారు, టేకు చెక్కతో రెండు స్పీకర్ పెట్టెలు చేయించారు. అవి ఆమె ముందుగదిలో కుట్టుపూల గుడ్డ కప్పుకుని ఉండేవి. ఒక క్రిస్మస్‌కి గుడిలో రికార్డు చేసిన క్యాసెట్ ఒకటుంది. మాస్టారి గొంతు, హార్మోనియం, రెండో చరణంలో పిల్లల గొంతులు, వాటితోపాటు చిన్న తాళాలు. ఆ తాళాలు వాయించింది కరుణమ్మ గారే. క్యాసెట్ అరిగిపోయింది. తాళం చప్పుడు టేపులోంచి ఎప్పుడో పోయిందని ఆమె అనేవారు. రెండువేలు దాటాక ఒక వేసవిలో, విశాఖపట్నంలో ఉన్న మేనల్లుడు ఆ టేపును సీడీలోకి ఎక్కించి పంపాడు. "అత్తా, అంతా బాగొచ్చింది, తాళాలు కూడా వినబడతన్నాయి" అని ఫోన్లో చెప్పాడట. ఆ ఒక్క మాటతో ఆమెకు సీడీ ప్లేయరు కొనాలనే పట్టుదల పుట్టింది. తనకంటూ ఏదీ కొనుక్కోని మనిషి.

మెయిన్ రోడ్డు మీద సత్యం గారి కొట్టుకి నన్ను తోడు తీసుకెళ్ళారు. ఆయన వాళ్ళది బొబ్బిలి నుంచి వచ్చిన వర్తకుల కుటుంబం. ఫ్యాన్లు, మిక్సీలు, టేప్ రికార్డర్లు అమ్మేవారు.

"సిస్టరమ్మగారూ, వీసీడీ తీసుకోండి. పాటా వస్తాది, బొమ్మా వస్తాది. ఉత్త సీడీ ప్లేయరు ఇప్పుడెవలు కొంతన్నారు?"

"నాకు బొమ్మ అక్కర్నేదు నాయినా. పాట బాగుండాల. ఎనకాల రెండు కన్నాలుండాల, మా ఆంప్లిఫయర్‌కి వైరు తగిలించీడానికి. సెడిపోతే రాయగడలోనే బాగుసేసీలా ఉండాల. ధర నా అందుబాటులో ఉండాల. అంతే."

ఆమె ఎంత ఆలోచించుకుని వచ్చారో నాకప్పుడు అర్థమైంది. సత్యం గారు ఒక వీసీడీ ప్లేయరుని కొట్లోని స్పీకర్లకి తగిలించి సీడీ పెట్టారు. మాస్టారి గొంతు వచ్చింది. కరుణమ్మ గారి ముఖం ఒక్కసారి పదేళ్ళు చిన్నదైంది. రెండో చరణం వచ్చింది. పిల్లలు అందుకున్నారు. తాళం గలగలమంది. ఆమె తల అడ్డంగా ఊపారు.

"తాళం రానేదు. ఈ మిషను నాసిది. నీకు వినబడిందేటమ్మీ?"

నాకు స్పష్టంగా వినబడింది. సత్యం గారు అప్పటికే వేరే బేరంలో పడ్డారు. నేను ఉదయం డ్యూటీ దిగి నేరుగా వచ్చాను. "నాకూ వినబడనేదు సిస్టరమ్మా" అన్నాను.

రెండు నెలలు పోయాక సత్యం గారు కబురు పంపారు. విశాఖపట్నం నుంచి ఒక మంచి ప్లేయరు తెప్పించారు, ఉత్త సీడీ మాత్రమే ఆడేది. వెళ్ళాం. ముందుసారి కంటే పాట ఎంతో తేటగా ఉంది. తాళం ఎవరో నా భుజం దగ్గర నిలబడి వాయిస్తున్నట్టుంది. కరుణమ్మ గారు స్పీకరు దగ్గరికి వంగి, కళ్ళు మూసుకుని విన్నారు. "ఊఁహుఁ. దీన్లోనూ నేదు" అని నా వైపు చూశారు. నేను మళ్ళీ తల అడ్డంగా ఊపాను. ఈసారి మాట కూడా అవసరం కాలేదు.

అప్పుడైనా నాకు తెలియాలి. తెలిసింది కూడా. వార్డులో వెనకనుంచి పిలిస్తే ఆమె తిరగకపోవడం, సన్నగొంతు పేషంట్ల మాట రెండుసార్లు అడగడం, థర్మామీటరు కింద పడి పగిలినా చూసేదాకా గమనించకపోవడం, ఇవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బొంగురు గొంతులు, తలుపు చప్పుళ్ళు ఆమెకు బాగానే అందేవి. సన్నని చప్పుళ్ళే పోయాయి. అంత తెలిసీ ఎవరితో ఏమని చెప్పాలో తోచక ఊరుకున్నాను. ఊరుకోవడం తేలిక.

ఆ వానాకాలం మునిగుడ నుంచి ఒక తల్లి నాలుగేళ్ళ కూతురిని ఎత్తుకుని వచ్చింది. జ్వరం, దగ్గు. ఉన్న ఒక్క డాక్టరు గారు ఆపరేషన్‌లో ఉన్నారు. కరుణమ్మ గారు పిల్ల వీపు మీద స్టెతస్కోపు పెట్టి, ఓపిగ్గా నాలుగు చోట్ల విని, "ఛాతీ బాగానే ఉంది, జ్వరం మందు ఏద్దాం" అని వరండాలో మంచం ఇప్పించారు. మధ్యాహ్నం మూడింటికి నేను డ్యూటీకి వచ్చి ఆ మంచం పక్కనుంచి నడుస్తూ ఆగిపోయాను. పిల్ల రొమ్ములో పిల్లికూతలు. స్టెతస్కోపు కూడా అక్కర్లేదు. పెదవులు నీలిరంగుకి తిరుగుతున్నాయి. డాక్టరు గారిని ఆపరేషన్ గదిలోంచి పిలిపించాను, ఆక్సిజన్ పెట్టాం, ఇంజక్షన్లు ఇచ్చాం. సాయంత్రానికి పిల్ల తల్లి ఒళ్ళో కూర్చుని బిస్కెట్టు అడిగింది. "ఉదయం బాగానే ఉందే, ఇంత బేగి ఎలా తిరగబడిందో" అని కరుణమ్మ గారు రెండు రోజులు మథనపడ్డారు. అందరూ అలాగే అనుకున్నారు. అలా కాదని తెలిసినదాన్ని నేనొక్కర్తినే.

తర్వాత పది రోజులకు కోరాపుట్ నుంచి కబురొచ్చింది. అక్కడి బ్యాంకు అధికారి మహాంతి బాబుకి బదిలీ అయింది, సామాను అమ్మేస్తున్నాడు, అందులో ఒక మంచి సీడీ ప్లేయరు ఉందని ఎవరో ఆమెకు చెప్పారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం రైలెక్కాం. కోరాపుట్‌లో చినుకులు, చలి. మహాంతి బాబు ఇంట్లో సగం సామాను గోనెసంచుల్లో కట్టేసి ఉంది. ప్లేయరు మాత్రం బల్ల మీద ఉంచాడు. నల్లది, బరువైనది, నాలుగే మీటలు. వెనకాల ఆమె అడిగిన రెండు కన్నాలూ ఉన్నాయి. సీడీ పెట్టాడు.

రెండో చరణం వచ్చింది. కరుణమ్మ గారు స్పీకరుకి చెవి ఆనించినంత పని చేశారు. కాసేపటికి వెనక్కి జరిగి కూర్చున్నారు. "ఇందులోనూ తాళం రానేదు."

మహాంతి బాబుకి తెలుగు కొద్దికొద్దిగా వచ్చు. ఆశ్చర్యంగా, "బాజుచి తొ, దీదీ!" అన్నాడు. మోగుతూనే ఉంది కదా అని. ఆమె స్పీకరు వైపే చూస్తున్నారు. పాట హోరులో ఆయన సన్నగొంతు ఆమెకు అందలేదు. ఆయన పెదవులు కదిలాయని మాత్రం ఓరకంట గమనించి నా వైపు తిరిగారు.

"ఏటంతన్నాడమ్మీ?"

ఆయనేమన్నాడో మార్చి చెప్పడానికి నాకు నోరు రాలేదు. పిల్ల నీలిపెదవులు కళ్ళముందు ఉన్నాయి.

"తాళం మోగతందంతన్నారు సిస్టరమ్మా. నాకూ వినబడతంది."

పాట అయిపోయింది. "మళ్ళీ ఎయ్యమను" అన్నారామె. మహాంతి బాబు మళ్ళీ వేశాడు. ఈసారి ఆమె స్పీకరు వైపు చూడలేదు, నా ముఖం చూశారు. తాళం మొదలైన చోట నేను తల ఊపాను. పిల్లల గొంతులు ఆగి తాళం ఒక్కటే మిగిలిన చోట కూడా ఊపాను. ఆమె కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు. ఆ తర్వాత మామూలు గొంతుతో, "మిషను బాగుందేటి? నువ్వు విని సెప్పు. ఇంక నా సెవులతో కొనకూడదు" అన్నారు. చాలా బాగుందని చెప్పాను. నిజంగానే బాగుంది. ఆమె అనుకున్న ధరలోనే మహాంతి బాబు ఇచ్చేశాడు, పాత దుప్పట్లో తానే చుట్టి కట్టాడు.

తిరుగు రైల్లో ప్లేయరు మా ఇద్దరి మధ్య సీటు మీద ఉంది. ఆ దారి నిండా సొరంగాలు. మొదటిది దాటి వెలుగులోకి రాగానే ఆమె అడిగారు.

"సత్యం కొట్లో?"

"వినబడింది."

"రెండోపాలి?"

"అదీను."

మళ్ళీ సొరంగం వచ్చింది. బయటపడేసరికి ఆమె కిటికీ వైపు తిరిగి ఉన్నారు. "అయితే ఆ మునిగుడ పిల్లకి రొమ్ములో ఆ కూతలు ముందునించీ ఉన్నట్టే" అన్నారు. నన్ను అడగలేదు. తనకు తానే చెప్పుకున్నారు. చాలా స్టేషన్లు పోయాక నా చేతి మీద చేయి వేశారు.

"నన్ను నొప్పించకూడదని గదా సెప్పనేదు నువ్వు?"

నేను తల ఊపాను.

మర్నాడు పొద్దున్నే ఆమె డాక్టరు గారి గదికి వెళ్ళి, పిల్ల సంగతితో సహా అంతా చెప్పి, తన స్టెతస్కోపు బల్ల మీద పెట్టి వచ్చారు. డాక్టరు గారు ఆమెను పనిలోంచి పంపెయ్యలేదు. డ్రెస్సింగు గదిలో గాజుగుడ్డలు కత్తిరించి, సామాను ఉడకబెట్టే పని చూసుకున్నారు, రిటైరయ్యేదాకా. వార్డు నా మీద పడింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమెను డ్రెస్సింగు గది మామ్మ అనే అనుకునేవారు. ఆమె ఎవరినీ సరిదిద్దలేదు. ఆదివారం మధ్యాహ్నాలు నేను వాళ్ళింటికి వెళితే ప్లేయరు పెట్టేవారు. మాస్టారి లావుగొంతు ఆమెకు బాగానే అందేది. తాళం వచ్చే చోట నేను వేలెత్తేదాన్ని. ఆమె మోకాలి మీద వేళ్ళతో ఆ దరువు వేసుకునేవారు, ఎక్కడా తప్పకుండా. అలా ఏడేళ్ళు. ఆమె పోయాక మేనల్లుడు వచ్చి ఆ సామానంతా తీసుకెళ్ళాడు.

ఇప్పుడు ఆమె కుర్చీలో నేనున్నాను. నాకూ ఏభై దగ్గరపడుతున్నాయి. ఏడాదికోసారి విశాఖపట్నం వెళ్ళి చెవులు పరీక్ష చేయించుకుంటాను. ఇంతవరకూ బాగానే ఉన్నాయి. కానీ రైల్లో ఆమె అడిగిన ఆ చివరి మాట నన్ను వదల్లేదు. ఆమెను నొప్పించకూడదని కాదు నేను అబద్ధం చెప్పింది. మొదటిసారి ఎనిమిది గంటల డ్యూటీ చేసి వచ్చాను. కాళ్ళు లాగుతున్నాయి, ఆకలేస్తోంది. వినబడిందంటే ఆ పాట మళ్ళీ పెట్టిస్తారు, మళ్ళీ వినాలి, ఇంటికెళ్ళడం ఆలస్యమవుతుంది. అంతే. రెండోసారీ అంతే. నేను అలసిపోయి అన్నదాన్ని ఆమె ప్రేమ అనుకున్నారు. కాదని చెప్పడానికి ఏడేళ్ళ ఆదివారాలు దొరికాయి, చెప్పలేదు. నా మీద ఆ నమ్మకంతోనే ఆమె కన్నుమూశారు.